వలంద రక్తం లీటరు ఎంత?

మా ఇంట్లో బాత్‌రూమ్ తలుపుకు గడియ పడక ఇవాళ్టికి నాలుగో రోజు. మేస్త్రి పొద్దున్నే వస్తానన్నాడు. ఏ పొద్దున అనేది చెప్పలేదు. లోపల ఉన్నవాళ్ళు పాట పాడుతూ ఉండాలని మా ఆవిడ రూలు పెట్టింది. ఆ రూలు మీదే సంసారం నడుస్తోంది. సరిగ్గా ఇలాంటి సమయంలో బందరు నుంచి మా బావగారు దిగారు. ఆయన పాట పాడరు. పాడటం పనిలేనివాళ్ళ పని అంటారు. అందుకని లోపల కూర్చుని ఆర్థిక శాస్త్రం మాట్లాడతారు.

"సంపాదన అనేది రక్తంలో ఉండాలోయ్!" అని నిన్న లోపల్నించి గట్టిగా వినిపించింది. "వలందుల్ని చూడు. లెక్కాపత్రం, పొదుపు, ఒక పద్ధతి. బుడతకీచుల్ని చూడు. పండగ, పాట, పొద్దుగూకితే సీసా. వాళ్ళ మునిమనవల్ని ఏ దేశంలోనైనా పట్టుకుని జేబులు తడిమి చూడు. నా మాట అబద్ధమైతే చెవి కోయించుకుంటా."

ఈ కాలం పిల్లలకు చెప్పాలి. వలందులంటే డచ్చివాళ్ళు, బుడతకీచులంటే పోర్చుగీసువాళ్ళు. మన పెద్దలు పెట్టిన పేర్లే. బావగారు వలందుల పక్షం ఎందుకంటే, ఆయనది బందరులో వలందపాలెం. పదిహేడో శతాబ్దం మొదట్లో డచ్చి కంపెనీ బందరులో దిగి, అద్దకం బట్టలు కొని ఓడలకెత్తింది. 1799తో ఆ కంపెనీ దుకాణం కట్టేసింది. పేటకు పేరు తప్ప బావగారి వంశానికి దమ్మిడీ మిగల్చలేదు. అయినా ఆయన ఇప్పటికీ వాటాదారు హోదాలోనే మాట్లాడతారు.

ఇంత గొప్ప సిద్ధాంతాన్ని బాత్‌రూమ్‌లోనే వదిలెయ్యడం నాకు మనస్కరించలేదు. పరీక్షకు పెట్టాను. నెదర్లాండ్స్ తలసరి ఆదాయం పోర్చుగల్‌కి రెట్టింపు పైనే ఉంటుంది, నిజమే. కానీ అది రెండు దేశాల లెక్క. వాటి నేల వేరు, రేవులు వేరు, నడిచిన చరిత్ర వేరు. రక్తం పనితనం ఒక్కటే తేలాలంటే ఇద్దరి మనవలూ ఒకే ఎండకు ఎండి, ఒకే వానకు తడిసి, ఒకే ధరకు కొబ్బరికాయ కొనుక్కుంటూ ఉండాలి. అలాంటి చోటు మనకు దగ్గర్లోనే ఉంది. శ్రీలంక.

బుడతకీచులు అక్కడికి 1505లో చేరారు. నూట యాభై ఏళ్ళ తర్వాత వలందులు వచ్చి 1656లో కొలంబో కోటను, 1658లో జాఫ్నాను లాక్కున్నారు. 1796 నాటికి ఇంగ్లీషువాళ్ళు వలందుల్ని సాగనంపారు. దొరలు పోగా మిగిలిన సంతానాన్ని అక్కడ బర్గర్లంటారు. పిల్లలు ఆర్డర్ పెట్టుకునే బర్గరు కాదు. కంపెనీ కొలువులో లేకుండా ఊళ్ళో స్వతంత్రంగా బతికే పౌరుడికి డచ్చివాళ్ళు వాడిన మాట అది. ఇప్పుడు ఆ దేశంలో వెయ్యికి ఇద్దరు ఉంటారేమో. అందులోనూ రెండు శాఖలు: డచ్ బర్గర్లు, పోర్చుగీస్ బర్గర్లు.

మొదటి పరీక్షలో బావగారు ఫస్ట్ క్లాసులో పాసయ్యారు. ఇంగ్లీషు పాలనలో డచ్ బర్గర్లు లాయర్లు, డాక్టర్లు, సర్కారు గుమాస్తాలు. 1833లో పెట్టిన శాసన మండలిలో ఆ గుప్పెడు మందికీ ఒక కుర్చీ. ఆ కుర్చీలో కూర్చున్న ఛార్లెస్ ఆంబ్రోస్ లోరెంజ్ గొప్ప లాయరు, పైగా సిలోన్ ఎగ్జామినర్ పత్రికను కొని నడిపినవాడు. మరి పోర్చుగీస్ బర్గర్లు? తూర్పు తీరాన బట్టికలోవలో వడ్రంగులు, కమ్మరులు, దర్జీలు. కొలంబో బర్గర్లు వాళ్ళను 'మెకానిక్‌లు' అని పిలిచేవారు. మెచ్చుకోలుగా కాదు.

"చూశావా!" అన్నారు బావగారు. ఈసారి బయటే, కాఫీ తాగుతూ.

చూశాను. ఇంకాస్త చూడకుండా ఉండాల్సింది.

రక్తం మీద సిద్ధాంతం కాబట్టి ముందు రక్తం స్వచ్ఛత తేల్చాలి కదా. కొలంబో పట్టుకున్న కంపెనీ సిపాయిలు ఓడల్లో పెళ్ళాల్ని వెంటబెట్టుకుని రాలేదు. పెళ్ళికి కావాల్సిన ఆడపిల్లలు దొరికింది ఎక్కడయ్యా అంటే, ఓడిపోయిన బుడతకీచుల ఇళ్ళలో. అంటే డచ్ బర్గర్ల మొదటి అమ్మమ్మల్లో చాలామంది బుడతకీచు ఆడపడుచులే. ఆ తల్లులు వలంద బిడ్డలకు జోలపాట ఏ భాషలో పాడి ఉంటారు? కోటలో జెండా డచ్చిది, ఇంట్లో మాట పోర్చుగీసుది. గవర్నర్లు గింజుకున్నారు. ఆడవాళ్ళు పట్టించుకోలేదు. ఇంగ్లీషువాళ్ళు వచ్చిన కొద్ది కాలానికే డచ్చి భాష ఆ దీవిలో మాయమైంది. బుడతకీచు యాస మాత్రం బట్టికలోవలో కొన్ని ఇళ్ళలో నేటికీ బతికే ఉంది.

"అమ్మ వైపు లెక్కలోకి రాదోయ్," అన్నారు బావగారు.

ఆయన అన్నదే 1830 ప్రాంతంలో అక్కడి చీఫ్ జస్టిస్ కూడా అన్నాడు. తండ్రి వైపు యూరపు వాడైతే చాలు, డచ్చివాడో, పోర్చుగీసువాడో, మరొకడో, వాడి సంతతి ఎన్ని తరాలైనా బర్గర్లే. తల్లి ఎవరైనా, ఏ రంగైనా సరే. అంటే అమ్మది సున్నా శాతం. తొమ్మిది నెలల మోతకు వాటా ఇవ్వని కంపెనీ అన్నమాట.

పోనీ తండ్రుల వైపే చూద్దాం. డచ్చి కంపెనీ ఓడల్లో వచ్చినవాళ్ళంతా డచ్చివాళ్ళు కారు. జర్మన్లు బోలెడు, ఇంకా అటూ ఇటూ నానా దేశాలవాళ్ళు. పైన చెప్పిన లోరెంజ్ తండ్రి కూడా జర్మన్ గడ్డ నుంచి వచ్చినవాడే. వలంద పొదుపుకు నిలువెత్తు ఉదాహరణ అనుకున్న మనిషి ఇలా చేజారాడు. బావగారు కాఫీలో చక్కెర తగ్గిందని మా ఆవిడ మీద విసుక్కున్నారు.

1908లో కొలంబోలో డచ్ బర్గర్ యూనియన్ పెట్టారు. పెట్టిన ఆర్.జి. ఆంథోనిస్ సర్కారు దఫ్తరఖానా అధికారి. పాత కాగితాల మధ్య కూర్చునే మనిషి. సంఘానికి ఒక జర్నల్, జర్నల్ నిండా వంశావళులు. ఎలా ఉంటాయంటే: ఫలానా ఊరివాడు, ఫలానా సంవత్సరంలో ఫలానా ఓడ మీద సిలోను చేరాడు, ఫలానా చర్చిలో ఫలానా అమ్మాయిని పెళ్ళాడాడు, సంతానం ఒకటి, రెండు, మూడు. మనవాళ్ళు ప్రవర చెప్పుకుంటారు, వాళ్ళు ఓడ పేరు చెప్పుకుంటారు. మనకు ఋషులు, వాళ్ళకు ఓడలు. ఇద్దరికీ పని ఒక్కటే, పక్కవాణ్ణి పంక్తిలోంచి లేపడం. తండ్రి వరసలో ఎక్కడైనా కాగితం చిరిగితే మనిషి వలంద పంక్తిలోంచి జారి బుడతకీచు పంక్తిలో పడేవాడు. ఇక పేదవాళ్ళంతా ఒకవైపే ఎలా పోగయ్యారా అని ఆశ్చర్యపోవడానికి ఏముంది? సున్నా మార్కులొచ్చిన వాళ్ళందర్నీ పక్క స్కూలు రిజిస్టరులో రాయించి మా స్కూలుకు నూటికి నూరు శాతం అన్నట్టు.

ఇక్కడ లాంప్రైస్ సంగతి చెప్పకపోతే పాపం. డచ్ బర్గర్ల గర్వకారణం అది. అరటాకు విప్పగానే పొగలు కక్కుతూ మాంసం పులుసులో ఉడికించిన అన్నం. పక్కన మాంసం కూర, వేయించిన వంకాయ, జావా వైపు నుంచి వచ్చిన ఎండురొయ్యల ముద్ద, సంబోలు అనే పచ్చడి. వీటి మధ్య ఒక మాంసపు ఉండ, ఫ్రికడెల్. పేరు కాకుండా ఆకులో వలందుల వాటా ఆ ఉండ ఒక్కటే. భోజనం తర్వాత రవ్వ, జీడిపప్పు వేసి చేసే లవ్ కేకు వస్తుంది. దాని పుట్టిల్లు బుడతకీచు వంటిల్లు. అమ్మ వైపు లెక్కలోకి రాదు, పళ్ళెంలోకి వస్తుంది.

మరి డబ్బు తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? వలంద కాలంలో కాథలిక్ పూజ నిషేధం, పాదిరీలకు బహిష్కారం. గోవా నుంచి జోసెఫ్ వాజ్ పాదిరి 1687లో మారువేషంలో రావాల్సి వచ్చింది. ఉద్యోగం కావాలంటే దొరల చర్చికి వెళ్ళాలి. అలా వెళ్ళిన ఇళ్ళకు కోటలో పని, కోట పక్కన బడి. ఇంగ్లీషువాళ్ళు రాగానే బడి దగ్గరున్నవాడు ముందుగా ఇంగ్లీషు నేర్చాడు, ముందు నేర్చినవాడికి గుమాస్తా కుర్చీ. కుర్చీలో కూర్చున్నవాడి కొడుక్కి లా చదువు. బట్టికలోవలో ఉలి పట్టినవాడి కొడుక్కి ఉలి. ఇందులో రక్తం చేసిన పని ఏమిటా అని ఎంత వెతికినా నాకు కనపడలేదు. కుర్చీ చేసిన పని మాత్రం అడుగడుగునా ఉంది. ఆ కుర్చీని చేసింది ఎలాగూ వడ్రంగే.

1956లో సింహళమే రాజభాష అని చట్టం వచ్చింది. ఇంగ్లీషు మీద కట్టిన మేడలు ఒక్క దెబ్బకు బీటలు వారాయి. మూడు తరాల గుమాస్తాగిరీ ఉన్నట్టుండి చెల్లని నోటైంది. ఉలికి ఆ బెంగ లేదు. దానికి ఏ భాషా రాదు.

డచ్ బర్గర్లు ఆస్ట్రేలియా దారి పట్టారు, ఎక్కువమంది మెల్‌బోర్న్‌కి. అప్పట్లో ఆస్ట్రేలియా తెల్లవాళ్ళకే తలుపు తీసేది. మిశ్రమ సంతానమైతే ముప్పాతిక పాలు యూరపు రక్తమని రుజువు కావాలి. మనిషి చూపులకూ అలాగే ఉండాలి. అదిగో, ఆంథోనిస్ గారి జర్నల్ వంశావళులు అప్పుడు అక్కరకొచ్చాయి. రక్తానికి ధర కట్టిన చోటు ప్రపంచంలో ఎక్కడైనా ఉందంటే అక్కడే. ధర కట్టాక లెక్క వెయ్యడానికి నాకేం భయం? మనిషి ఒంట్లో సుమారు అయిదు లీటర్ల రక్తం. ముప్పాతిక అంటే మూడు ముప్పావు లీటర్లు. మూడు ముప్పావు ఉన్నవాడికి మెల్‌బోర్న్ జీతం, ఇల్లు, పింఛను. మూడు లీటర్ల డెబ్బై పాయింట్లు ఉన్నవాడికి కొలంబోలో పాత కుర్చీ. ఆ చివరి యాభై మిల్లీలీటర్లు, అంటే దగ్గు మందు సీసాడు కూడా కాదు, దాని ఖరీదు ఒక జీవితకాలపు జీతాల తేడా. ఇక ఒకే తల్లి పిల్లలైనా ఒకడు తెల్లగా, ఒకడు చామనఛాయగా పుడితే? రక్తం ఒకటే అయినా రేటు వేరు. బంగారానికైనా ఊరంతా ఒకటే రేటుంటుంది.

ఇలా వెళ్ళినవాళ్ళ సంపాదన ఇవాళ ఆస్ట్రేలియా లెక్కలో ఉంటుంది. దాన్ని పట్టుకొచ్చి బట్టికలోవ వడ్రంగి పక్కన పెట్టి "వలందుల పొదుపు చూడండి" అంటారు బావగారిలాంటి వాళ్ళు. మన పక్కింటాయన కూడా కొడుకు అమెరికా వెళ్ళిన దగ్గర్నుంచి డాలర్లు తమ ఇంటిపేరులోనే ఉన్నాయంటున్నాడు. వీసా సంగతి ఎత్తడు.

"సరేనోయ్, అక్కడే ఉండిపోయిన ఆ బుడతకీచులు బాగుపడొచ్చుగా? ఎక్కడుంటారు వాళ్ళు?"

"బట్టికలోవలో చాలామంది ఉండింది డచ్ బార్ అనే చోట, బావగారూ."

"అదిగో! బార్! నేను చెప్పలా?"

"ఆ బారు కాదండీ. ఇసుక మేట. సముద్రం ఒడ్డున పేట."

పేరు వలందులది, ఉన్నది బుడతకీచుల మనవలు. 1983 నుంచి 2009 దాకా యుద్ధం వాళ్ళ గుమ్మం ముందే నడిచింది. 2004 డిసెంబర్ 26న, క్రిస్మస్ మర్నాడు, సునామీ ఆ పేటను తుడిచిపెట్టింది. ఆ అల ముందు ఏ పొదుపు ఆగుతుందో ఆర్థిక శాస్త్రంలో రాయలేదు. బావగారు కూడా ఏమీ అనలేదు. కాసేపాగి తువాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ భుజం మీది తువాలు బుడతకీచు మాట. అల్మారా, ఇస్త్రీ, బొత్తం, పీపా, వేలం, అనాస, ఇవాళ్టికీ రాని మేస్త్రి, అన్నీ వాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన మాటలే. వలందులు మనకేమిచ్చారని వెతికితే ఠక్కున దొరికింది ఒక్కటే మాట: కక్కూసు. బావగారు తన సిద్ధాంతాన్ని సరైన చోటునుంచే చెప్పారు. చివరికి ఏ పక్షానికి ఎంత ఆస్తి వచ్చిందని చూస్తే, మా ఇంటివరకు, వలంద కక్కూసు తలుపు కోసం బుడతకీచు మేస్త్రి కాళ్ళు పట్టుకునే స్థితిలో ఉన్నాం. శ్రీలంకలో ఇంకో మెలిక ఉంది. అక్కడ వడ్రంగిని డచ్చి మాటతో 'బాస్' అంటారు. మన ఆఫీసుల్లో పెద్దాయన్ను పిలిచే బాస్ కూడా పుట్టింది అదే మాటలోంచి.

పదకొండున్నరకు మేస్త్రి వచ్చాడు.

"లోపలెవరో లెక్కలు చెప్తున్నారండీ."

"మా బావగారు. నువ్వు బయటనుంచి కానీ. ఎంతవుతుంది?"

"గడియ మార్చాలండీ. పన్నెండొందలు."

నా ఒక రోజు జీతం గుర్తొచ్చింది. "అలాగే బాస్," అన్నాను.

ఉన్న గడియను నాలుగు తిప్పుల్లో ఊడదీశాడు. గడియ ఉన్నచోట ఇప్పుడు గుండ్రంగా ఒక కన్నం. దానికి సరిపడే స్క్రూలు సంచిలో లేవన్నాడు, అయిదు నిమిషాల్లో వస్తానని బండెక్కి వెళ్ళిపోయాడు. తలుపు దానంతటదే కిర్రుమంటూ జానెడు తెరుచుకుంది. లోపల ఉపన్యాసం ఆగిపోయింది. కాసేపు చడీచప్పుడు లేదు. తర్వాత సన్నగా, శ్రుతి ఎక్కడుందో తెలియకుండా, పాట మొదలైంది.