ఎగ్ పఫ్ గారికి ఒక తండ్రి రాసుకున్న విన్నపం

మహారాజశ్రీ ఎగ్ పఫ్ గారికి,

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర, బేకరీ గాజుపెట్టెలో పసుపు బల్బు కింద వెచ్చగా కొలువుతీరిన మీకు నమస్కారాలు. రోజూ సాయంత్రం ఐదింటికి మీ దర్శనానికొచ్చే నలుగురు ఇంటర్ పిల్లల్లో ఒకడి తండ్రిని నేను.

మావాడు ఇంట్లో గుడ్డు ముట్టడు. నీచు వాసనట. మీ కడుపులో ఉన్న సగం గుడ్డుకు ఆ వాసన ఎలా పోగొట్టారో చెబితే మా ఇంటామె నేర్చుకుంటుంది. చెనక్కాయలు వేయించి డబ్బాలో పెడితే "నేనేమన్నా ముసలోణ్ణా?" అన్నాడు. చెనక్కాయ పంటతో బతికిన జిల్లారా ఇది అంటే వినేదెవరు!

మొదట్లో తప్పంతా మీదే అనుకున్నా. పరీక్షగా ఒకరోజు మిమ్మల్ని ఇంటికే పట్టుకొచ్చా. సగం తిని పక్కన పెట్టేశాడు. "ఇక్కడ బాగలేదు నాన్నా." అదే బేకరీ, అదే ట్రే. లేనిది ఆ ముగ్గురే. వాళ్లలో ఒకడు "నాకొద్దు" అంటే మిగతావాళ్లు జ్వరమొచ్చిందా అన్నట్టు చూస్తారట. పైగా మీ చుట్టం కూల్‌డ్రింక్ ఒకటి. 300 మిల్లీలీటర్ల కోలాలో ముప్పై గ్రాములు దాటే చక్కెర, దాదాపు ఎనిమిది టీస్పూన్లు. అంత చక్కెర ఇంట్లో కాఫీలో వేస్తే గ్లాసు విసిరికొట్టడూ!

ఆ వయసువాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వంగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2016 లెక్కల్లో ప్రపంచంలోని 11-17 ఏళ్ల పిల్లల్లో 81 శాతం మంది అంత కదలడం లేదు. మావాడూ మొన్నటిదాకా ఆ మెజారిటీ పార్టీయే. వాణ్ణి పొద్దున్నే లేపడానికి మూడేళ్లు అలారం, చన్నీళ్లు, వాళ్ల అవ్వ తిట్లు, అన్నీ వాడాం. పోయిన నెల ఆ బ్యాచ్‌లో వాలీబాల్ పిచ్చోడొకడు చేరాడు. ఐదున్నరకు వీధి చివర ఒక్క ఈల! మావాడు బూట్ల లేసులు కట్టుకోకుండానే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు పరుగు. ఆట అయ్యాక ఆ పిల్లాడు తెచ్చిన ఉడికించిన గుడ్లు రెండు తిన్నాడట కూడా. నీచు వాసన రాలేదట.

కాబట్టి మీమీద కేసు వెనక్కి తీసుకుంటున్నా. ఆ ఈలవాణ్ణి మాత్రం మీ రుచి మరగనివ్వకండి, మీకు పుణ్యముంటుంది.

ఉత్తరం చదివి మా ఇంటామె అడిగింది: "ఆదివారం మీ స్నేహితులతో ఉగ్గాని తినడానికి పోయి ఎన్ని బజ్జీలు లాగిస్తారో రాయలేదే?"

కాగితంలో చోటు చాల్లేదన్నా.

ఇట్లు,
ఒక బాధిత తండ్రి