టెండరు తేలేదాకా ఊపిరి బిగపట్టండి

మా గోదావరి డెల్టాలో ఒక పట్టణం. పేరు చెప్పను, చెప్పకపోయినా పక్క ఊరివాళ్లు ఇది తమదే అనుకుంటారు. అక్కడి మురుగునీటి శుద్ధి కేంద్రం నడిపే కాంట్రాక్టు గడువు తీరిపోయింది. మొదటి టెండరు ఒక్కడే వేశాడని రద్దయింది. రెండోసారి తక్కువకి వేసినవాడి కాగితాల్లో ఏదో సంతకం లేదు. ఈలోగా ప్లాంటు ఎవరు నడపాలన్న దానికి 'తాత్కాలిక నిర్వహణ ఏర్పాటు' అని ఫైలు తెరిచారు. ప్లాంటు సంగతెలా ఉన్నా ఫైలు నడుస్తోంది.

ఇందులో సహకరించనిది సూక్ష్మజీవులే. మురుగుని తిని నీళ్లు తేర్చేవి అవి. వాటికి గాలి కావాలి, అందుకే బ్లోయర్లు రాత్రింబవళ్లు తిరగాలి. గాలి ఆగితే గంటల్లో కంపు మొదలవుతుంది, రోజులు గడిస్తే చచ్చిపోతాయి. మళ్లీ పెంచాలంటే నడుస్తున్న ఇంకో ప్లాంటు నుంచి బురద తేవాలి, దొరక్కపోతే ఆవుపేడ కలపాలి, వారాల తరబడి కాచుకోవాలి. మూడో టెండరు పిలుపు దాకా ఊపిరి బిగపట్టమని వాటికి నోటీసు ఇస్తే సరిపోతుంది. అయితే నోటీసు అందినట్టు సంతకం ఎవరు పెడతారన్న దగ్గర అదీ ఆగింది.

ప్రజలకీ బాధ్యత ఉంది. కుళాయిలో ఇచ్చిన నీళ్లలో సుమారు 80 శాతం మురుగుగా తిరిగొస్తుందని లెక్క. మనిషికి రోజుకి 135 లీటర్లిస్తే 108 లీటర్లు. సంఖ్య శుభమైనదే గానీ లక్షమంది ఉన్న ఊళ్లో అది కోటి లీటర్లు దాటుతుంది. కమిటీ మినిట్స్ మీద సంతకాలయ్యేదాకా జనం స్నానాలు వాయిదా వేసుకుంటే పాలనకి ఎంత వెసులుబాటు!

పాత కాంట్రాక్టరునే ఇంకో నెల నడపమని అడిగారు. "ఆయ్, నడిపేస్తానండి. పాత బిల్లులు ఇప్పించండి చాలు. డీజిల్ నేను ఎక్కణ్ణించి పొయ్యనండీ బాబూ?" అన్నాడు. బిల్లులివ్వాలంటే ప్లాంటు సరిగ్గా నడిచినట్టు సర్టిఫికెట్ కావాలి. సరిగ్గా నడవాలంటే బిల్లులు కావాలి. కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట ముగించాడంటే, ఈ సర్టిఫికెట్ గొడవ ఆయనకి లేకపోబట్టే.

ప్లాంటుకి ఇప్పటికీ ఒక పాత ఆపరేటర్ వస్తున్నాడు. తను ఎవరి ఉద్యోగో తనకే తెలీదు. ఏ వాల్వు ఎక్కడ పట్టేస్తుందో, ఏ పంపుని ఎలా బుజ్జగించాలో తెలిసింది అతనొక్కడికే. రోజూ లీటరు జాడీలో నీళ్లు పట్టి, అరగంటలో బురద ఎంత దిగిందో చూసి రిజిస్టర్లో రాస్తాడు. అతనికి జీతం, కరెంటు బిల్లు, క్లోరిన్: తాత్కాలిక ఏర్పాటంటే ఈ మూడే. ఫైల్లో మాత్రం 41వ పేజీ దాకా వీటి ఊసు లేదు.

మురుగుని శుద్ధి చెయ్యకుండానే బయటికి వదిలే బైపాస్ గేటు ఎత్తేస్తే గొడవ వదిలిపోతుందని ఒక సలహా కూడా వచ్చింది. నిజమే, మన ఊరికి వదిలిపోతుంది. ఆ నీళ్లు డ్రెయిన్లోకి, డ్రెయిన్ నుంచి ఎక్కడో కాలువలోకి చేరతాయి. వేసవిలో కాలువలు కట్టేసేముందు దిగువ ఊళ్లు మంచినీళ్ల చెరువులు నింపుకునేది ఆ కాలువ నుంచే. వాళ్లకి మన ఓటర్ల లిస్టులో పేర్లు లేవు కాబట్టి ఎజెండాలోనూ లేవు. నీళ్లలో కుళ్లే మురుగెంతుందో చెప్పే బీఓడీ పరీక్ష ఫలితం తేలడానికి ఎలాగూ మూడు రోజులు పడుతుంది. అప్పటికి నీళ్లు సముద్రంలో ఉంటాయి.

అసలు పాత అగ్రిమెంటులోనే ఒక వాక్యం రాసుకుంటే పోయేది: కొత్తవాళ్లు వచ్చి పని అందుకునేదాకా పాతవాళ్లు అదే రేటుకి నడపాలి, అప్పగింత నెలలో ఇద్దరి సిబ్బందీ కలిసి పనిచెయ్యాలి అని. ఈ మాట ఒక ఇంజినీరు దగ్గరంటే ఆయన కంగారుపడిపోయాడు. ఒకే నెలకి ఇద్దరికి డబ్బులెందుకిచ్చారని ఆడిట్ వాళ్లు అభ్యంతరం చెబుతూ పేరా రాస్తారట. కాలువలో నీళ్లు నల్లగా పోయినందుకైతే ఏ పేరా పడదట.