తల్లి తెలియని జోయియాకు పేరు పెట్టడం ఎలా?

నీటిలో తేలే సూక్ష్మజీవులను పట్టే ప్లవక వలలో చిక్కిన పీత డింభకం (గుడ్డు నుంచి వచ్చిన పిల్ల దశ, దీన్నే జోయియా అంటారు) ఏ జాతిదో తేల్చడానికి దాని రూపాన్ని నమ్మాలా, జన్యువును నమ్మాలా అన్న విషయంపై ఇద్దరు పరిశోధకుల వాదోపవాదం ఇది.

రూపవాది: పీత డింభకానికి తల్లి పోలిక ఉండదు, చిక్కంతా అక్కడే వచ్చింది. వీపున నిలువుగా ఒక ముల్లు, ముఖం నుంచి కిందికి మరో ముల్లు, పంగలా చీలిన తోక ఉన్న ఆ చిన్న ప్రాణిని 1802లో ప్రకృతి శాస్త్రవేత్త బోస్క్ వేరే జంతువనుకొని జోయియా అనే ప్రజాతిగా నమోదు చేశాడు. అది పీత పిల్లేనని మరో ప్రకృతి శాస్త్రవేత్త వాన్ థాంప్సన్ 1828లో ప్రకటించినప్పుడు ఎందరో ఒప్పుకోలేదు. ఆయనకు ఆధారం జన్యువు కాదు, తల్లి మోసిన గుడ్లు పగిలి కళ్లెదుటే బయటికి వచ్చిన జోయియా.

జన్యువాది: ఆ ఆధారం విలువను నేను కాదనను. అయితే గుడ్లతో ఉన్న తల్లి దొరకని జాతుల మాటేమిటి? దొరికినా, ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి రొయ్య పిల్లలను మేతగా వేసి ఎంత జాగ్రత్తగా పెంచినా, కుబుసం విడిచే వేళ చనిపోయేవి ఎన్నో ఉంటాయి. అందుకే ఎన్నో జాతులకు మొదటి జోయియా వర్ణన ఒక్కటే మిగిలింది. జాతిని గుర్తించడానికి వాడే సీఓఐ అనే మైటోకాండ్రియా జన్యువులోని సుమారు 650 డీఎన్‌ఏ అక్షరాలైతే గుడ్డులో ఉన్నా, జోయియాలో ఉన్నా, ఎదిగిన పీతలో ఉన్నా మారవు.

రూపవాది: ఆ అక్షరాలు జాతిని చెబుతాయి గాని వయసును చెప్పవు. జోయియాను స్లైడు మీద పెట్టి చూడండి. కళ్లు ఇంకా కాడలెత్తకుండా తలకు అతుక్కొని ఉండి, ఈతకు వాడే మాక్సిల్లిపీడ్ల (నోటి దగ్గరి కాళ్ల) వెలుపలి కొమ్మ చివర నాలుగేసి పొడవాటి రోమాలు ఉంటే అది మొదటి దశ. తరువాతి దశల్లో కళ్లకు కాడలు వస్తాయి, ఆ రోమాలు పెరుగుతాయి, ఆపైన ఉదరం కింద కాళ్ల మొగ్గలు తొడుగుతాయి. సాలె పీతల వర్గంలో జోయియా దశలు రెండే.

జన్యువాది: దశల లెక్క అన్నిచోట్లా అంత స్థిరంగా ఉండదు. అట్లాంటిక్ నీలి పీతకు మామూలుగా ఏడు జోయియా దశలు, ఒక్కోసారి ఎనిమిది.

రూపవాది: సరే, మీ జన్యుక్రమాన్ని దేనితో పోలుస్తారు? ఎవరో ఎదిగిన పీత రూపం చూసి పేరు పెట్టి జన్యుక్రమాల సమాచార నిధిలో చేర్చిన క్రమంతోనే కదా! ఆ పేరు తప్పైతే దానితో సరిపోలిన ప్రతి డింభకానికీ అదే తప్పు అంటుకుంటుంది. పైగా మైటోకాండ్రియా జన్యువుకు కణ కేంద్రకంలో పడి ఉన్న నకళ్లు కూడా క్రస్టేషియన్లలో (పీతలు, రొయ్యల వర్గంలో) అసలు జన్యువులా కనిపించి మోసం చేస్తాయి.

జన్యువాది: ఆ మాట మీకూ వర్తిస్తుంది. మడ పీతల్లో పలు జాతులను దశాబ్దాల పాటు స్కిల్లా సెరాటా అన్న ఒక్క పేరుతోనే పిలిచారు. 1998లో రూపాన్నీ జన్యువులనూ కలిపి పరిశీలించాకే అవి నాలుగు జాతులని తేలింది. అంతకుముందు ఆ పేరుతో వర్ణించిన డింభకాలకు తల్లి కళ్లెదుటే ఉంది, కానీ తల్లి పేరే సందేహం. ఆ తల్లిని భద్రపరచకపోతే ఇప్పుడు ఎవరిని అడగాలి?

రూపవాది: ఇది నన్ను నిజంగా బాధించే విషయం. తల్లిని దాచి తీరాలని ఒప్పుకుంటాను. అయితే జన్యువు కోసం మీరు జోయియాను మొత్తంగా నలిపేస్తే, పేరు ఒక్కటే మిగిలి రూపం పోతుంది.

జన్యువాది: మీరు ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ పాడవుతుంది, రంగూ వెలిసిపోతుంది. ప్రాణంతో దొరికిన జోయియాను విడి గిన్నెలో ఉంచి, అది విడిచిన కుబుసాన్ని మీరు తీసుకోండి. రోమాలన్నీ అందులోనే ఉంటాయి. శరీరాన్ని ఆల్కహాల్‌లో వేసి నాకివ్వండి.

రూపవాది: వలలో చచ్చి వచ్చినవాటికో?

జన్యువాది: నలిపే ముందు ఫొటోలు తీస్తాను.

రూపవాది: నోటి ఉపాంగాలను సూదితో విడదీయనిదే వాటి రోమాలు ఫొటోలో లెక్కకు అందవు. ముందు నన్ను విడదీయనివ్వండి, మిగిలిన కండను మీరు తీసుకోండి.