60 లీటర్ల సముద్రానికి ఇన్‌చార్జి వరుణుడు

ఇంట్లో చిన్న గాజుతొట్టి పెట్టి, అందులో ఉప్పునీళ్లు పోసి, పగడాలను పెంచే మనిషిని గురించి లోకం ‘చేపలు పెంచుకుంటున్నాడు’ అని చెప్పుకుంటుంది. ఇది పొరపాటు మాట. చేపలు తమంతట తామే పెరుగుతాయి. ఆ మనిషి పెంచుతున్నది నీళ్లను. అసలు సముద్రంలో ఎండ కాయడానికి సూర్యుడు, ఆటుపోట్లకు చంద్రుడు, అలలు లేపడానికి గాలి, మంచినీళ్లు పోయడానికి మబ్బులు, కొండల్లోని సున్నాన్ని కరిగించి మోసుకురావడానికి నదులు వేరువేరుగా నియమితులై, సెలవులూ జీతాలూ అడగకుండా ఎవరి పని వారు చేసుకుపోతున్నారు. 60 లీటర్ల తొట్టి ఒకటి ఇంట్లో పెట్టిన క్షణాన ఈ ఉద్యోగాలన్నీ ఒకే మనిషి నెత్తిన పడతాయి. పొట్టకూటి కొలువు అతనికి ఎలాగూ ఉంటుంది. దానిపైన వరుణుడిగా పూర్తి అదనపు బాధ్యతలు. మూడేళ్లుగా ఆ బాధ్యతలు నిర్వహిస్తున్నవాడిగా, ఈ పదవిని గురించి నీళ్లు నమలకుండా నాలుగు మాటలు చెప్పడం నా విధి అని భావిస్తున్నాను.

ముందుగా నీటి సంగతి. కుళాయి నీటిలో క్లోరిన్, ఫాస్ఫేట్, సిలికేట్, ఒక్కోచోట రాగి కూడా ఉండవచ్చు కనుక అది సముద్రం కావడానికి పనికిరాదు. దాన్ని ఆర్‌ఓ పొరలోంచీ, ఆపైన మిగిలిన లవణాలను పట్టేసే డీఅయొనైజేషన్ రెజిన్‌లోంచీ నడిపి, నీటిలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించేదాకా అందులోని సమస్తాన్నీ ఊడదీయాలి. చేతికి ఒక లీటరు వచ్చేసరికి దాదాపు మూడు లీటర్లు కాలువపాలవుతాయి. ఇలా ఏ లవణమూ మిగలకుండా కడిగిన నీటిలో, లీటరుకు 35 గ్రాముల పైచిలుకు లెక్కన, సంచిలో కొనితెచ్చిన లవణాలను మళ్లీ కలపాలి. గుండు చేయించుకుని సవరం కొనుక్కోవడం అంటే ఇదేనని మా ఆవిడ అభిప్రాయపడింది. ఆ పోలికలో శాస్త్రీయ దోషమేదీ నాకు కనిపించలేదు.

తొట్టి చిన్నదైతే పని కూడా చిన్నదే అవుతుందన్న నమ్మకంతోనే చాలామంది ఈ పదవిలోకి వస్తారు. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలన్న సామెత వారికి తర్వాత గుర్తొస్తుంది. పెద్ద నీటిలో చిన్న తప్పు కరిగిపోతుంది. చిన్న నీటిలో ప్రతి తప్పూ తేలుతుంది. ఎండాకాలంలో రోజుకు ఒక లీటరు ఆవిరైపోతే అరవైలో ఒక వంతు పోయినట్టు. ఉప్పు మాత్రం ఆవిరి కాదు. ఉన్నచోటే ఉండి, మిగిలిన నీటిని మరింత ఉప్పగా మారుస్తుంది. అందువల్ల రోజూ ఆ లీటరు మంచినీళ్లు పోయాలి. ఈ వానదేవుడి విధిని నా తరఫున ఒక చిన్న పంపు నిర్వహిస్తుంది. దాని నిర్వాకం గురించి తర్వాత చెబుతాను.

నీళ్లు, ఇసుక, రాళ్లు సమకూరాక ఆరు వారాలపాటు ఏమీ చేయకూడదు. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఆ రాళ్ల రంధ్రాల్లో కాపురం పెట్టేదాకా కాపలా కాయడమే పని. ఇంటికొచ్చినవారు తొట్టిముందు వంగి చూసి, “చేపలేవండీ?” అని అడుగుతారు. “ప్రస్తుతానికి బాక్టీరియా ఉన్నాయండీ” అని చెబితే, వారు నన్ను వదిలేసి మా ఆవిడ వైపు జాలిగా చూస్తారు. ఆ తర్వాత రాళ్లన్నీ కంటికానని నాచుజీవులైన డయాటమ్‌లతో గోధుమరంగుకు తిరుగుతాయి, అది పోయాక పచ్చటి నాచు జుట్టులా మొలుస్తుంది. ఈ కాలానికి ఆంగ్లంలో ‘అగ్లీ స్టేజ్’ అని పేరే ఉంది. ఇంత నిజాయితీగా పేరు పెట్టుకున్న దశ మరే సరదాలోనూ ఉన్నట్టు లేదు.

ఈ వ్యవస్థ ఇవాళ్టిది కాదు. 1846లో ఆనా థిన్ అనే ఆంగ్లేయ మహిళ ఇంగ్లండ్‌లోని టార్కీ తీరం నుంచి బతికున్న పగడాలను లండన్‌కు తెచ్చి ఇంట్లో పెట్టుకున్నారు. పంపులు లేని కాలం కాబట్టి, నీటికి గాలి తగలడానికి ఒక పనిపిల్లను కిటికీ దగ్గర నిలబెట్టి, అరగంట, ముప్పావుగంట సేపు ఆ నీటిని ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి పోయించేవారు. ఆ పిల్లకు అది సరదాగానే ఉండేదని ఆవిడ రాశారు. పిల్ల మాత్రం ఏమీ రాసిపెట్టలేదు. 1961లో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఇంగ్, సముద్రపు నీళ్లు, జీవాలతో నిండిన రాళ్లు, ఎండ, సన్నటి గాలిబుడగలు ఉంటే చాలు, పగడాలు ఇంట్లో బతుకుతాయని ప్రకటించారు. ఆయన చెప్పిన పద్ధతి మరీ సులువుగా ఉండటం వల్ల కాబోలు, ఆ తర్వాతి తరాలు దాన్ని యంత్రాలతో సరిదిద్దుతూ వచ్చాయి. నా తొట్టి వెనుక ప్రస్తుతం పదకొండు ప్లగ్గులున్నాయి. ఆనా థిన్ గారి పనిపిల్ల ఉద్యోగాన్ని వేవ్‌మేకర్ అనే యంత్రం తీసుకుంది. ఆ యంత్రాన్ని నెలకోసారి విప్పి, వెనిగర్‌లో నానబెట్టి, పాత బ్రష్‌తో తోమే ఉద్యోగం నాకు వచ్చింది.

ఈ యంత్రాల్లో ప్రోటీన్ స్కిమ్మర్‌ది ప్రత్యేక స్థానం. నీటిని సన్నటి బుడగలతో చిలికి, ఆ నురగకు అంటుకున్న మలినాలను పైనున్న గిన్నెలోకి నెట్టడం దాని పని. క్షీరసాగరాన్ని చిలికినప్పుడు ముందు హాలాహలం పుట్టి, ఆ తర్వాత కామధేనువు, కల్పవృక్షం, చివరికి అమృతం వచ్చాయని చదువుకున్నాం. నా సాగరమథనం మూడేళ్లుగా రాత్రింబవళ్లు జరుగుతోంది. ఇంకా హాలాహలం దగ్గరే ఉంది. వారానికి రెండుసార్లు ఆ ముదురు గోధుమరంగు గిన్నెను ముక్కు మూసుకుని మోసుకుపోయి కడిగేటప్పుడు, దాన్ని గొంతులో దాచుకున్న దేవుడి మీద నాకున్న గౌరవం రెట్టింపవుతుంది.

పరిపాలనాపరంగా అన్నిటికన్నా లోతైన విషయం నైట్రేట్, ఫాస్ఫేట్‌లది. మొదటి ఏడాదంతా ఇవి రెండూ శత్రువులు. స్కిమ్మర్ పెట్టాను, ఫాస్ఫేట్‌ను పీల్చుకునే ఐరన్ ఆక్సైడ్ గుళికలు తెచ్చాను, తొట్టి వెనుక అరలో ప్రత్యేకంగా దీపం పెట్టి, మురికిని తిని పెరిగే నాచును సాకాను, చేపల మేతలో కోత విధించాను. ఒక శుభదినాన రెండు పరీక్షలూ సున్నా చూపించాయి. రెండు వారాలు తిరిగేసరికి పగడాలు పాలిపోయాయి, ఇసుక మీద బుడగలు పొదిగిన గోధుమరంగు జిగట పరుచుకుంది. అవి డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవులట. నీళ్లు మరీ శుభ్రమైపోతే వాటికి పోటీగా నిలవాల్సిన మంచి జీవులు ఆకలికి తగ్గిపోయి, చోటు ఖాళీ అవుతుందట. నివారణ ఏమిటయ్యా అంటే, సీసాలో నైట్రేట్ కొనితెచ్చి రోజూ చుక్కలు పోయాలి. ఆ విధంగా నా తొట్టికి ఒక చివర మురికిని తీసే యంత్రం, ఇంకో చివర మురికిని పోసే పంపు, రెండూ ఒకే ప్లగ్ బోర్డు నుంచి విద్యుత్తు తీసుకుంటూ, ఒకదాని పనికి మరొకటి అడ్డురాకుండా సామరస్యంగా పనిచేస్తున్నాయి. గుంతలు తవ్వే శాఖా, పూడ్చే శాఖా పక్కపక్కనే ఎందుకుంటాయని ఒకప్పుడు నవ్వేవాణ్ణి. ఇకపై నవ్వను.

నదుల పని ఆదివారాలది. పగడాలు తమ అస్థిపంజరం కట్టుకోవడానికి నీటిలోంచి కాల్షియాన్నీ కార్బొనేట్‌నూ లాక్కుంటూ ఉంటాయి కనుక, లీటరుకు 420 మిల్లీగ్రాముల కాల్షియం, 1,300 దాకా మెగ్నీషియం, 8 నుంచి 9 డిగ్రీల ఆల్కలినిటీ (కార్బొనేట్ల కొలత) నిలబెట్టాలి. ఆల్కలినిటీ పరీక్ష ఎలా ఉంటుందంటే, గాజు సీసాలో 5 మిల్లీలీటర్ల తొట్టినీళ్లు పోసి, ఒక రసాయనాన్ని చుక్క చుక్కగా వేస్తూ, చుక్కకొకసారి ఊపాలి. మొదటి చుక్కకు నీళ్లు నీలమవుతాయి. ఏ చుక్కకు పసుపుకు తిరుగుతాయో అదే డిగ్రీ. ఏడో చుక్కకు నీలం. ఎనిమిదో చుక్కకు ఒక రంగు వస్తుంది, దానికి నిఘంటువులో మాట లేదు. సీసాను కిటికీకి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, ఇంట్లో వారందరినీ పిలిచి వాంగ్మూలాలు తీసుకుంటాను. అమ్మాయి ఆకుపచ్చ అంటుంది, అబ్బాయి పసుపు అంటాడు. మా ఆవిడ సీసా వంక చూడకుండానే, “తొమ్మిదో చుక్క వేయండి, ఎలాగూ వేస్తారుగా” అంటుంది. వేస్తాను. అప్పుడది నిస్సందేహంగా పసుపు. అంటే ఎనిమిదా, తొమ్మిదా అన్నది వచ్చే ఆదివారానికి వాయిదా.

ఇక వానదేవుడి కథ. నీటిమట్టం తగ్గితే తొట్టిలోని ఫ్లోట్ కిందికి దిగుతుంది, వెంటనే పక్క డబ్బాలోంచి పంపు మంచినీళ్లు తోడుతుంది, మట్టం పెరగ్గానే ఫ్లోట్ తేలి పంపు ఆగిపోతుంది. ఇంత తేలికైన యంత్రాంగాన్ని ఎవరూ వంచించలేరని నమ్మాను. నాచు తినడానికని తెచ్చిన ఒక నత్త, ఒక రాత్రి గాజు వెంట పాకుతూ వచ్చి, సరిగ్గా ఆ ఫ్లోట్ మీదెక్కి విశ్రమించింది. నత్త బరువుకు ఫ్లోట్ మునిగింది. సముద్రం ఎండిపోతోందని పంపుకు కబురందింది. డబ్బాలోని ఎనిమిది లీటర్లూ తెల్లవారేలోగా తొట్టిలోకి చేరాయి, తొట్టిలో పట్టనివి నేలమీదికి చేరాయి. ఉప్పదనాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద చుక్క వేసి వెలుతురుకు పెట్టి చూస్తే, నీలానికీ తెలుపుకూ మధ్య గీత 1.026 దగ్గర ఉండాల్సింది 1.023 దగ్గర నిలబడి ఉంది. ఉప్పును ఒక్కసారిగా పెంచితే తొట్టిలోని జీవాలు తట్టుకోలేవు కనుక, నాలుగు రోజులపాటు చిక్కటి ఉప్పునీటిని కొద్దికొద్దిగా కలుపుతూ సముద్రాన్ని యథాస్థితికి తెచ్చాను. విచారణలో నత్త ఏమీ మాట్లాడలేదు. దానిపై చర్య తీసుకునే అధికారం వరుణుడికి ఉందో లేదో తేలక, దాన్ని వేరే గోడకు బదిలీ చేసి ఊరుకున్నాను.

ఇంత చేసి పెంచుతున్న పగడాల వైభవాన్ని గురించి కూడా చెప్పాలి. పగడం జంతువే అయినా, దాని కణజాలంలో కాపురముండే సూక్ష్మ శైవలాలు వెలుతురుతో తయారుచేసే ఆహారం మీదే ఎక్కువ భాగం బతుకుతుంది. అందుకని పైన నీలి ఎల్‌ఈడీ దీపాలుంటాయి. ఆ నీలి వెలుగులో పగడాలు ఆకుపచ్చగా, నారింజగా, గులాబీగా మెరుస్తాయి. తెల్లదీపం వేస్తే వాటిలో ఎక్కువ భాగం గోధుమరంగు బుడిపెలు. అందువల్ల చుట్టాలను చీకటిపడ్డాకే పిలవాలని మా ఇంట నియమం. గోరంత ముక్కను సిమెంటు బిళ్లకు జిగురుతో అంటించి, ఏడాదిపాటు ఎదురుచూస్తే అది రెండు గోళ్లంత అవుతుంది. రాయితోపాటు పిలవకుండా వచ్చిన ఐప్టేసియా అనే, పువ్వులా విచ్చుకునే జంతువైన చిన్న అనిమోన్‌కు మాత్రం ఇలాంటి నియమాలేవీ లేవు. దాన్ని గీకి తీయబోతే రాలిన ప్రతి తునకా కొత్త ఐప్టేసియాగా లేస్తుంది. రక్తబీజుడి కథ రాసినవారు ఎక్కడో ఒక తొట్టి నిర్వహించి ఉంటారని నా అనుమానం. దాన్ని తింటుందని పేరున్న పెప్పర్‌మింట్ రొయ్యను తెచ్చాను. అది ఐప్టేసియాకు దూరంగా మర్యాదగా మసులుకుంటూ, పగడాల నోటి దగ్గరి మేతను లాక్కుని తింటోంది.

ప్రజలు ఇద్దరే, రెండు క్లౌన్‌ఫిష్‌లు. ఈ జాతిలో మొదట అన్నీ మగవే. జంటలో పెద్దది ఆడదవుతుంది, పెత్తనమూ దానిదే. అది పోతే మిగిలిన మగది ఆడదై ఆ పదవి స్వీకరిస్తుంది. వారసత్వం గురించి ఇంత స్పష్టమైన రాజ్యాంగాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. వారి నివాసం కోసం ఒక అనిమోన్‌ను తెచ్చి మధ్యలో ప్రతిష్ఠించాను. అనిమోన్ మూడు రోజులు తొట్టంతా కాలినడకన పర్యటించి రాతి వెనక్కి వెళ్లిపోయింది. దంపతులిద్దరూ థర్మామీటరు పక్కన మూలలో కాపురం పెట్టారు. గాజు తుడవడానికి చేయి పెడితే ఆ మూడంగుళాల మహారాణి వచ్చి వరుణుడి వేలు కొరుకుతుంది.

ఆ థర్మామీటరు 25.5 డిగ్రీలు చూపించాలి. అర డిగ్రీ పెరిగితే ఫ్యాన్ తిరుగుతుంది, ఒక డిగ్రీ పెరిగితే నా ఫోను అరుస్తుంది, అర్ధరాత్రైనా లేచి చూస్తాను. వేసవి గరిష్ఠ సగటు కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువ వేడి కొన్ని వారాలు నిలిస్తే చాలు, పగడం తనలోని శైవలాలను వెళ్లగొట్టి అక్షరాలా తెల్లబోతుంది. 2,300 కిలోమీటర్ల గ్రేట్ బారియర్ రీఫ్‌లో 1998, 2002, 2016, 2017, 2020, 2022, 2024 సంవత్సరాల్లో పెద్దయెత్తున జరిగింది ఇదే. అక్కడ అలారం మోగలేదని కాదు. మోగిన ఫోను ఎవరిదో తేలలేదు.

ఈ పదవిలో సెలవు లేదు. కిందటి నెల తప్పనిసరై రెండు రోజులు ఊరికి వెళ్లాల్సివచ్చి, మా బావమరిదికి బాధ్యతలు అప్పగిస్తూ నాలుగు పేజీల పత్రం రాసిచ్చాను. నాలుగో పేజీ అడుగున ఎర్రసిరాతో ఇలా ఉంది: “చేపలు ఎప్పుడు చూసినా ఆకలితో ఉన్నట్టే కనిపిస్తాయి. జాలిపడవద్దు.” రెండో రోజు రాత్రి అతని దగ్గర నుంచి ఫోను వచ్చింది.

“బావగారూ, మీరు రాసినవన్నీ తు.చ. తప్పకుండా చేశానండి. వేడి చూశాను, ఉప్పు చూశాను, నత్త ఎక్కడుందో పూటపూటకీ చూశాను. కాకపోతే, పాపం, ఆ రెండూ అద్దానికి మూతులు ఆనించి నా వంకే చూస్తుంటే మనసొప్పలేదండి.”

మేత డబ్బాలో ఎంత మిగిలిందని అడిగాను. అతను నీళ్లు నమిలాడు.