ప్లస్ ప్లస్ మాల్దీవులు

పది నిమిషాల కిందట మా ట్రావెల్ ఏజెంట్ మాల్దీవుల ట్రిప్‌కి ఫైనల్ కొటేషన్ పంపాడు. ఒళ్లు మండిపోతోంది, ఎక్కడో ఒకచోట కక్కకపోతే నిద్ర పట్టదు.

"నాలుగు రాత్రులు, వాటర్ విల్లా మేడమ్, నీళ్ల మీదే గది" అని మొదట ఒక రేటు చెప్పాడు. పెళ్లయి పదేళ్లు, పోనీలే అనుకున్నాం. ఇప్పుడు చూస్తే ఆ రేటు పక్కన చీమల్లా రెండు ప్లస్ గుర్తులు! ఏంటివి బాబూ అంటే, సర్వీస్ చార్జి 10 శాతం, ఆ మొత్తం మీద మళ్లీ టూరిజం జీఎస్టీ 17 శాతమట. వంద డాలర్ల భోజనానికి బిల్లు దాదాపు 129. "మాల్దీవ్స్‌లో అంతే మేడమ్, ప్లస్ ప్లస్ అంటారు" అని నాకే పాఠం.

అది కాక పర్యావరణం పేరు చెప్పి గ్రీన్ ట్యాక్స్, రిసార్టులో మనిషికి రోజుకి 12 డాలర్లు. మా మూడేళ్ల పిల్లకీ కట్టాలట! అదేం పాడుచేస్తుందండీ, మహా అయితే రెండు డైపర్లు. వాళ్ల రాజధాని మాలే పక్కన తిలఫుషి అని చెత్తతో పూడ్చిన దీవే ఒకటి ఉంది, అది మాత్రం ఏ బ్రోషర్‌లోనూ కనిపించదు.

మమ్మల్ని రిసార్టుకి తీసుకెళ్లే సీప్లేన్, అదే నీళ్ల మీద దిగే చిన్న విమానం, దాని కథ ఇంకోటి. చీకటి పడితే అది ఎగరదు. మా ఫ్లైట్ దిగేది సాయంత్రం ఆరింటికి. అంటే నాలుగు రాత్రుల్లో ఒకటి ఎయిర్‌పోర్టు పక్కనున్న హుల్‌హుమాలేలో మామూలు హోటల్ గదిలో. ఈ ముక్క డబ్బు కట్టకముందు చెప్తే నోరు పడిపోతుందా?

మాల్దీవుల వాళ్ల తెలివికి మాత్రం దండం పెట్టాలి. 1972లో కురుంబా అనే మొదటి రిసార్టుతో మొదలైంది, ఒక దీవికి ఒక రిసార్టు. బయట ఇడ్లీ తిందామంటే వీధే లేదు, చుట్టూ సముద్రం, వాళ్లు పెట్టిందే తినాలి, వేసిందే కట్టాలి. జనం ఉండే దీవుల్లో గెస్ట్‌హౌస్‌లకి దారి తెరిచింది ప్రెసిడెంట్‌గా నషీద్ ప్రభుత్వం వచ్చాకే. అక్కడ మందు దొరకదు, స్విమ్‌సూట్‌కి వేరే బీచ్, అయినా మాలాంటి వాళ్లకి అవే నయం. కానీ ఏజెంటు నోట ఆ మాట వస్తే ఒట్టు. కమిషన్ ఎక్కడుందో అక్కడే స్వర్గం.

2024 జనవరిలో ఏం జరిగిందో మర్చిపోయారా? మాల్దీవుల డిప్యూటీ మంత్రులు ముగ్గురు మోదీ గారి మీద నోరు పారేసుకున్నారు, మనవాళ్లు బాయ్‌కాట్ అన్నారు, 2023లో మొదటి స్థానంలో ఉన్న మన టూరిస్టుల లెక్క ఢమాల్. అప్పుడు వాళ్ల పర్యాటక మంత్రి పరుగెత్తుకొచ్చి ఢిల్లీ, ముంబై, బెంగళూరుల్లో 'వెల్‌కమ్ ఇండియా' రోడ్‌షోలు చేశాడు. హైదరాబాద్ గుర్తు రాలేదు. మన డబ్బుకి మాత్రం ప్లస్ ప్లస్.

అయినా వాళ్లననేం లాభం, మా ఆడపడుచుననాలి. ఆ జనవరిలో మాల్దీవులొద్దు, మన లక్షద్వీప్ ముద్దంటూ డీపీ పెట్టి దేశభక్తి మీద మా అందరికీ క్లాసు పీకింది. వేసవి సెలవులు రాగానే మాల్దీవుల్లో, మెడలోతు నీళ్లలో, ముందు తేలుతున్న ట్రేలో కోసిన బొప్పాయి, నాలుగు పాన్‌కేకులు. "చీపే వదినా, వెళ్లిరండి" అంది. సీప్లేన్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ ఫోటో చూసే కదా మా ఆయన అడ్వాన్స్ కట్టింది! మాల్దీవుల టూరిజం వాళ్ల 'సన్నీ సైడ్ ఆఫ్ లైఫ్' ప్రచారానికి మా ఆడపడుచుని మించిన ఉద్యోగి లేదు, అదీ జీతం లేకుండా.

క్యాన్సిల్ చేద్దామంటే అడ్వాన్స్ వెనక్కి రాదట. వెళ్తున్నాం. ట్రేలో బొప్పాయి ఫోటో పెడతాను, లైకులు కొట్టండి.