అంతా గ్యాసేనండీ

మా పెదనాన్నకు జీవితంలో ఎప్పుడూ బాధ కలగలేదు. గ్యాస్ మాత్రం వస్తూ ఉంటుంది. మా నాన్న పొలం గట్టు జరిపిన రోజు వచ్చింది (ఆ సంగతి ఇక్కడొద్దు). రిటైర్మెంట్ నాడు శాలువా కప్పుతుంటే వచ్చింది. అక్క అప్పగింతల్లో అయితే మంటపం వెనక్కి పరుగెత్తేంత వచ్చింది. చుట్టాలు పప్పులో ఏదో తేడా జరిగిందని వంటవాణ్ణి పట్టుకున్నారు.

ఇలాంటి స్థితప్రజ్ఞులకు ఓ పేరుండాలని 1970ల్లో బోస్టన్‌లో పీటర్ సిఫ్నియోస్ అనే మానసిక వైద్యుడికి తోచింది. పుట్టుక గ్రీకు కాబట్టి గ్రీకులోనే పెట్టాడు: అలెక్సిథైమియా. భావానికి మాట లేకపోవడం అని అర్థం. పాపం, ఆయనకు తెలుగు రాదు. కోపమొస్తే ఒళ్ళు మండి, అసూయకు కడుపు మండి, జాలికి కడుపు తరుక్కుపోయి, దుఃఖానికి గుండె చెరువయ్యే జాతికి మాటల కరువేమిటి? మనవాళ్ళు భావాలన్నీ ఎప్పుడో అవయవాలకు పంచేశారు. పంపకాల్లో మనసు వాటాకి ఏమీ మిగల్లేదు, అంతే.

దీన్ని కొలవడానికి టొరంటో పేరుతో 20 ప్రశ్నల పరీక్ష ఉంది. ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 61గానీ, అంతకు మించిగానీ వస్తే ఉన్నట్టు లెక్క. మనసులో సంగతుల కంటే రోజువారీ పనుల గురించి మాట్లాడటమే ఇష్టమా అని అందులో అడుగుతారు. అమెరికాలో ఉన్న అక్కతో పెదనాన్న ఆదివారం సంభాషణ మొత్తం ఇది: "తిన్నావా? అక్కడ చలా? సరే, అమ్మకిస్తున్నా." డాక్టర్లకే అంతుపట్టని బాధలు ఒంట్లో ఉన్నాయా అని ఇంకో ప్రశ్న. ఎందుకుండవు? మూడు ఈసీజీలు, ఓ ఎండోస్కోపీ, వాటికో ఫైలు. రిపోర్టులన్నీ నార్మల్ అన్నప్పుడల్లా పెదనాన్న మొహం ఇంటర్ తప్పిన కుర్రాడిలా అయిపోతుంది.

పరీక్షలు దండగ అనడం లేదు. కడుపులో పుండును చాలాకాలం టెన్షన్ ఖాతాలోనే రాశారు. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్ అనే డాక్టరు 1984లో అనుమానమున్న బ్యాక్టీరియాను తానే తాగి, కడుపు పాడుచేసుకుని చూపించాడు. 2005లో రాబిన్ వారెన్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. అంచేత ముందు పరీక్ష, తర్వాతే మనసు. మా ఇంట్లో ఆ 'తర్వాత' రాదు.

థెరపీలో ఒంట్లో ఎక్కడ ఏమవుతోందో, అంతకు ముందు ఏం జరిగిందో డైరీ రాయిస్తారు. అది దిగులో, భయమో, కోపమో మెల్లగా పేరు పెట్టడం నేర్పిస్తారు. పెదనాన్నకు డైరీ ఇస్తే పాల లెక్క రాస్తారు.

అందుకే ఇంట్లో థెరపీ పెద్దమ్మ చూసుకుంటుంది. మొన్న అక్కని శంషాబాద్‌లో విమానం ఎక్కించి వచ్చిన రాత్రి, పెదనాన్న గుండె రుద్దుకుంటూ కూర్చున్నారు.

"ఎప్పట్నుంచి?" అంది పెద్దమ్మ.

"ఎయిర్‌పోర్టులో తిన్న ఇడ్లీ పడలేదే."

"మీరు తినలేదు కదండీ."

పెదనాన్న కాసేపు ఫ్యాను వైపు చూశారు. పెద్దమ్మ వాము డబ్బా తెచ్చి ఆయన చేతిలో ఓ చిటికెడు పెట్టి, తానూ ఓ చిటికెడు నోట్లో వేసుకుంది.