బావా, ఇక సీసాల్లో పెట్టేద్దామా?

కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి గంజాయి చట్టబద్ధం. ఒంటారియోలో ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు, పక్కనున్న క్యూబెక్‌లో ఒక్కటీ కుదరదు. మన ఊళ్లో అయితే ఒక్క మొక్క పెంచినా జైలే. ఒంటారియోలో ఉంటున్న ఒక బావ, బావమరిది కోసిన కొమ్మల్ని బేస్‌మెంట్‌లో తలకిందులుగా వేలాడదీసి నేటికి నాలుగు రోజులు.

బావమరిది: ఇక దించేద్దాం బావా. మొగ్గలు ముట్టుకుంటే గలగలమంటున్నాయి.

బావ: పైన ఎండిందిరా, లోపల ఎండలేదు. ఇదిగో, ఈ పుల్ల వంచి చూడు. వంగుతోంది గానీ విరగట్లేదు. టక్కున విరగాలి. ఇంకో వారమైనా పడుతుంది.

బావమరిది: ఆ వారం పొడి గదిలో అయితే సరే. మీటరు చూశారా? ఇక్కడ తేమ 72 శాతం. మూడు రోజులుగా వాన. బూజు పట్టేది మొగ్గ నడిమధ్య, కాడ దగ్గర. పైకి కనపడదు. విప్పి చూసేసరికి లోపలంతా బూడిద రంగు. అప్పుడు మొత్తం పారెయ్యాల్సిందే. దానికంటే ఓవెన్‌లో సన్న సెగన పెట్టేస్తే గంటలో తేలిపోతుంది.

బావ: తేమ మాట నిజం. డీహ్యుమిడిఫయర్ మొదటి రోజే పెట్టాల్సింది, తప్పు నాదే. ఇప్పుడే పెడతాను, 55, 60 మధ్యకు దించుదాం. ఓవెన్ మాత్రం వద్దు. మునగాకు ఎండలో పోస్తే ఏమవుతుందో నీకు తెలియదా? నీడన ఆరితే పచ్చగా ఉంటుంది, ఎండలో పోస్తే ఎండుగడ్డిలా అయిపోతుంది. కందుకూరులో మా నాన్న పొగాకును సెగన ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా కూర్చునేవాడు. ఆకు పసుపెక్కకముందే సెగ పెంచితే పచ్చగానే బిగుసుకుపోతుందని.

బావమరిది: మరి ఆ బ్యారన్‌లోనే చివర్లో 70 డిగ్రీలదాకా పెంచుతారుగా!

బావ: అది ఈనె ఎండడానికి. పైగా పొగాకు వాసన ఆ మాగడంలోనే తయారవుతుంది. దీని వాసన ఇప్పటికే ఈ జిగురులో ఉంది. వేడి తగిలితే ఎగిరిపోతుంది. మనం చేయగలిగింది దాన్ని పోనివ్వకుండా కాపాడటమే. ఆ లైటు కూడా ఆర్పెయ్, వెలుతురుకు సత్తువ తగ్గుతుంది.

బావమరిది: ఇంట్లో పిల్లలున్నారు బావా. నా టెన్షన్ అది. సీసాలో పడితే తాళం వేసుకుని ఊరుకోవచ్చు. ఇలా కొమ్మలు వేలాడుతుంటే ఎలా?

బావ: ఈ గది తాళంచెవి నా జేబు దాటదు. అయినా నీ మాట కాదనను. ఒక్క సీసాలో ముప్పావు వంతు నింపి, చిన్న తేమ మీటరు వేసి మూత బిగిద్దాం. రేపటికి 58 నుంచి 62 లోపు చూపిస్తే మిగతావీ దించేద్దాం. ఆ తర్వాత వారంపాటు రోజూ మూత తీసి కాసేపు గాలి తగలనివ్వాలి, అంతే.

(మర్నాడు పొద్దున.)

బావమరిది: నిన్న గలగలమన్నవి ఇవేనా? మెత్తబడిపోయాయి.

బావ: కాడలో ఉన్న తడి పైకొచ్చింది. మూత తీసి వాసన చూడు. అమ్మోనియాలా ఘాటుగా ఉందా?

బావమరిది: లేదు, పచ్చిగడ్డి వాసన. మీటరు 68 అంటోంది.

బావ: ఏం చేద్దామంటావు?

బావమరిది: కాగితం పరవండి బావా, బయట పోస్తాను. గదిలో మీటరు ఎంతుంది?

బావ: 57.